కార్బ్యురేటరా, ఇంజెక్షనా? అభిరుచితో కట్టుకునే రేస్ కారుకు ఏది పెట్టాలి, ఎలా పెట్టాలి

యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచినప్పుడు, జెట్లు (పెట్రోలును కొలిచి వదిలే సన్నటి రంధ్రాలు) కుదిరిన కార్బ్యురేటర్‌కూ మ్యాప్ (ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో చెప్పే పట్టిక) కుదిరిన ఇంజెక్షన్‌కూ డైనో (ఇంజన్ పవర్ కొలిచే యంత్రం) మీద కనిపించే తేడా చాలా స్వల్పం. ఒక్కోసారి కార్బ్యురేటరే కాస్త పైచేయి అవుతుంది. పెట్రోలు వాల్వుకు దూరంగా వెంచురీ (కార్బ్యురేటర్‌లో గాలి దారి ఇరుకయ్యే చోటు) దగ్గరే గాలిలో కలుస్తుంది, దారిలో ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది, చల్లటి గాలి చిక్కగా ఉంటుంది. అందుకే "ఇంజెక్షన్ పెడితే ఎన్ని హార్స్‌పవర్ పెరుగుతుంది" అన్న ప్రశ్నతో మొదలుపెడితే దారి తప్పుతారు.

తేడా బయటపడేది వేరే చోట. మలుపు నుంచి బయటికి వస్తూ సగం థ్రాటిల్ తెరిచినప్పుడు. కారు పక్కకు లాగుతుంటే ఫ్లోట్ గిన్నెలో (కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలవుండేది) పెట్రోలు ఒక మూలకు చేరినప్పుడు. పది నిమిషాలు ఆగిన వేడి ఇంజన్‌కు మళ్లీ సెల్ఫ్ కొట్టినప్పుడు. ఎత్తు, ఇంధనం, కామ్‌షాఫ్ట్ మారినప్పుడు. వీటిలో మీ కారును నిజంగా ఇబ్బంది పెడుతున్నవేవో ముందు ఒక కాగితం మీద రాసుకోండి. ఏదీ తేలకపోతే ఉన్నదాన్ని కదపకండి, ఆ డబ్బు టైర్లకు పెట్టండి.

ముందు రూల్ బుక్, తర్వాత ఇంజన్

కొన్ని తరగతుల్లో ఎంపిక మీ చేతిలో ఉండదు. కెంట్ ఇంజన్‌తో నడిచే ఫార్ములా ఫోర్డ్ 1600లో వెబర్ 32/36 కార్బ్యురేటర్ ఉంటుంది. ఫార్ములా వీ కూడా కార్బ్యురేటర్ తరగతే. పాతకాలపు కార్ల రేసుల్లో ఆ కారు పుట్టిన నాటి పరికరాలే ఉండాలనడం మామూలు. విద్యార్థులు కార్లు కట్టి పోటీపడే ఫార్ములా స్టూడెంట్‌లో పెట్రోలు ఇంజన్‌కు గాలి మొత్తం 20 మి.మీ. రంధ్రం గుండానే పోవాలి. అలాంటప్పుడు గాలిలో ప్రతి పిసరునూ లెక్కగా వాడుకోవాలి, కాబట్టి ఇంజెక్షన్ వైపే మొగ్గు. రూల్ బుక్‌లో ఇన్‌టేక్ ఒక్కటే చూసి ఊరుకోకండి. ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), ట్రాక్షన్ కంట్రోల్, డేటా లాగింగ్, హై ప్రెషర్ పంపు ఎక్కడ ఉండాలి, మార్పు చేస్తే బరువు కలపాలా అన్నవి వేరే వేరే పేజీల్లో ఉంటాయి.

కార్బ్యురేటర్ అంటే వెనకబాటు అనుకునేవారికి ఒక మాట: అమెరికాలోని నాస్కార్ కప్ సిరీస్ 2011 చివరి వరకూ కార్బ్యురేటర్ మీదే నడిచింది, ఇంజెక్షన్‌కు మారింది 2012లో. ఓవల్ ట్రాక్ మీద గంటల తరబడి పూర్తి థ్రాటిల్‌లో నడిచే ఇంజన్‌కు అది లోటు కాలేదు.

ఇక ఇంజన్. ఫ్యాక్టరీ నుంచి ఇంజెక్షన్‌తో వచ్చిన ఇంజన్‌ను "సింపుల్‌గా ఉంటుంది" అని కార్బ్యురేటర్‌కు మార్చడం చాలాసార్లు పొరపాటే అవుతుంది. ఇంజెక్షన్‌తో పాటు ఇగ్నిషన్ టైమింగ్ కూడా ఆ ఈసీయూ చేతిలోనే ఉంటుంది. దాన్ని తీసేస్తే డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు స్పార్క్ పంచేది) పెట్టే చోటు కూడా ఉండకపోవచ్చు. కొత్త మానిఫోల్డ్, కొత్త పంపు, వేరే ఇగ్నిషన్ అన్నీ కలిపితే సింపుల్ అన్నది ఎగిరిపోతుంది. టర్బో ఉంటే ఆలోచించాల్సిన పనే లేదు, ఇంజెక్షనే. కార్బ్యురేటర్ గుండా బూస్ట్ (టర్బో నెట్టే గాలి ప్రెషర్) పంపాలంటే ఇంధన ప్రెషర్ ఎప్పుడూ బూస్ట్ కంటే సుమారు 0.4 బార్ ఎక్కువ ఉండాలి, థ్రాటిల్ షాఫ్ట్ సీల్ చేయాలి, ఫ్లోట్ గిన్నెకు బూస్ట్ అందాలి. ఒక్కటి తప్పినా మిశ్రమం లీన్ (గాలికి తగ్గ పెట్రోలు లేకపోవడం) అయి పిస్టన్ కరుగుతుంది.

కార్బ్యురేటర్‌తో పుట్టిన, టర్బో లేని ఇంజనే అసలు తర్జనభర్జన పెట్టేది. మిగతా వ్యాసం ఎక్కువగా దాని గురించే.

ఇంజెక్షన్ ఖాతాలో పడే ఇగ్నిషన్ లాభం

ఇంజెక్షన్ పెట్టాక కారు మారిపోయిందని చెప్పేవారి అనుభవంలో పెద్ద భాగం ఇగ్నిషన్‌ది. పాత డిస్ట్రిబ్యూటర్‌లో అడ్వాన్స్ (స్పార్క్‌ను ముందుకు జరపడం) ఇచ్చేవి రెండు గుండ్లు, రెండు స్ప్రింగులు. ఇంజన్ ఎంత లోడ్‌లో ఉందో వాటికి తెలియదు, షాఫ్ట్ అరిగితే టైమింగ్ మూడు నాలుగు డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది. క్రాంక్ పుల్లీ మీద పళ్ల చక్రం, ఒక సెన్సర్, కాయిల్ ప్యాక్, చిన్న ఇగ్నిషన్ కంట్రోలర్ పెట్టి కార్బ్యురేటర్‌ను అలాగే ఉంచితే, తక్కువ ఆర్‌పీఎమ్‌లో పికప్, స్లోలో స్థిరత్వం, వేడి స్టార్టింగ్ మూడూ బాగుపడతాయి.

ఇందులో ఇంకో వెసులుబాటు ఉంది. ఇంధనాన్ని కూడా నడపగల ఈసీయూనే కొని, మొదట ఇగ్నిషన్‌కు మాత్రమే వాడండి. ఒక సీజన్ అలా నడిపితే ట్రిగర్ (ఆ పళ్ల చక్రం, సెన్సర్), వైరింగ్, ఎర్త్ లోపాలన్నీ ఇంజన్ కార్బ్యురేటర్ మీద బతికి ఉండగానే బయటపడతాయి. తర్వాత ఇంజెక్టర్లు కలిపినప్పుడు స్టార్ట్ కాకపోతే తప్పు ఇంధనంలోనే ఉందని తెలుస్తుంది. రెండూ ఒకేరోజు మార్చి స్టార్ట్ కాని ఇంజన్ చుట్టూ తిరగడమంటే ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఏది పెట్టినా లాంబ్డా మీటరు తప్పదు

వైడ్‌బ్యాండ్ లాంబ్డా సెన్సర్ (ఎగ్జాస్ట్ చూసి గాలి, పెట్రోలు పాళ్లు చెప్పేది) లేకుండా జెట్లు మార్చడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే. ప్లగ్గు రంగు చూసి చెప్పే పద్ధతి సీసం కలిసిన పెట్రోలు రోజుల్లో బాగా పనిచేసింది, ఇప్పటి ఇంధనాలతో ఆ రంగు ఆలస్యంగా, మసకగా వస్తుంది. బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సర్‌తో నడిచే కంట్రోలర్ ఏదైనా సరిపోతుంది. నాలుగు పైపులూ కలిసిన చోటు తర్వాత, సెన్సర్ మొన కిందికి చూసేలా, అడ్డం గీతకు కనీసం 10 డిగ్రీల పైకి వాల్చి బిగించండి. మొన పైకి ఉంటే నీరు చేరి పగులుతుంది. దానికి ముందు సైలెన్సర్ జాయింట్లలో లీకు ఉండకూడదు.

పెట్రోలుతో, టర్బో లేని ఇంజన్‌కు పూర్తి థ్రాటిల్‌లో 0.86 నుంచి 0.90 లాంబ్డా (1 కంటే తగ్గితే పెట్రోలు ఎక్కువని అర్థం) మంచి పవర్ ఇస్తుంది. గాలి, పెట్రోలు బరువుల నిష్పత్తి చెప్పే పాత లెక్కలో ఇది సుమారు 12.6 నుంచి 13.2. మొదటిరోజు 0.86 దగ్గర మొదలుపెట్టి తర్వాత లీన్ వైపు రండి.

ఒక్క సంగతి మాత్రం ఎప్పుడూ మరచిపోవద్దు: సెన్సర్ చూసేది మిగిలిన ఆక్సిజన్‌ను. ఒక సిలిండర్ మిస్సింగ్ కొడితే కాలని గాలి బయటికొచ్చి మీటరు లీన్ అని చూపిస్తుంది. ప్లగ్గు వైరు పోయిన ఇంజన్‌కు లీన్ అనుకుని పెద్ద జెట్లు వేసి మరింత ముంచేసేవారు తక్కువేం కాదు.

వాతావరణం గురించి ఎంత భయపడాలి

గాలి సాంద్రత తగ్గితే కార్బ్యురేటర్ రిచ్ (పెట్రోలు ఎక్కువ) అవుతుంది, అయితే తగ్గినంతా కాదు, దాదాపు సగం. 15 డిగ్రీల ఉదయం కుదిర్చిన ఇంజన్‌ను 35 డిగ్రీల మధ్యాహ్నం నడిపితే గాలి సాంద్రత సుమారు 6.5 శాతం తగ్గుతుంది, మిశ్రమం 3 శాతం పైచిలుకు రిచ్ అవుతుంది. అంటే 0.88 కాస్తా 0.85 అవుతుంది. రేసు ఓడిపోయేంత తేడా కాదిది. వెబర్ మెయిన్ జెట్ 145 నుంచి 140కి దిగితే రంధ్రం వైశాల్యం దాదాపు 7 శాతం తగ్గుతుంది, కాబట్టి ఈ ఎండ అర జెట్టు విలువ చేస్తుంది, అంతే.

ఎత్తు సంగతి వేరు. సముద్రమట్టం దగ్గర కుదిర్చిన కారును 1500 మీటర్ల ఎత్తున్న ట్రాక్‌కు తీసుకెళ్తే ఒక పూర్తి జెట్టు మార్చాలి, మార్చితే చాలు. కొండ ఎక్కే పోటీల్లో అసలు చిక్కు వస్తుంది. అమెరికాలోని పైక్స్ పీక్‌లో పరుగు 2,862 మీటర్ల దగ్గర మొదలై 4,302 మీటర్ల దగ్గర ముగుస్తుంది. ఆ 20 కిలోమీటర్లలో సాంద్రత సుమారు 14 శాతం పడిపోతుంది. మధ్యలో ఆగి జెట్టు మార్చలేరు. కింద కుదిరితే పైన రిచ్, పైన కుదిరితే కింద లీన్. ఒకే ట్రాక్ మీద తిరిగే కారుకు వాతావరణాన్ని సాకుగా చూపి ఇంజెక్షన్ అమ్మజూపితే నమ్మకండి. కొండ ఎక్కే కారుకైతే అది సాకు కాదు.

కార్బ్యురేటర్ దారి పట్టినవారికి

పరిమాణం దగ్గరే సగం మంది తప్పు చేస్తారు, అదీ ఎప్పుడూ పెద్దవైపే. లెక్క సులువు: ఇంజన్ లీటర్లను ఆర్‌పీఎమ్‌లో సగంతో గుణించండి. 2 లీటర్ల ఇంజన్ 7000 దగ్గర నిమిషానికి 7000 లీటర్ల గాలి పీలుస్తుంది, అంటే దాదాపు 247 సీఎఫ్‌ఎమ్ (నిమిషానికి ఘనపుటడుగులు). 5.7 లీటర్ల వీ8 6500 దగ్గర 654 సీఎఫ్‌ఎమ్. దాని మీద 850 సీఎఫ్‌ఎమ్ కార్బ్యురేటర్ పెడితే డైనో చివర్లో కాస్త పవర్ కనిపిస్తుంది, మలుపు బయట మాత్రం ఇంజన్ ఉక్కిరిబిక్కిరవుతుంది, ఎందుకంటే వెంచురీలో గాలి వేగం చాలక పెట్రోలును పీల్చుకోలేదు. రెండు బ్యారెళ్ల (గాలి గొట్టాల) కార్బ్యురేటర్లను 3 అంగుళాల పాదరసం ప్రెషర్ డ్రాప్ దగ్గర, నాలుగు బ్యారెళ్లవాటిని 1.5 దగ్గర కొలుస్తారని గుర్తుంచుకోండి. రెంటి సీఎఫ్‌ఎమ్ నేరుగా పోల్చకూడదు. రెండు బ్యారెళ్ల అంకెను 1.41తో భాగిస్తే నాలుగు బ్యారెళ్ల లెక్కలోకి వస్తుంది.

సిలిండర్‌కు ఒక బ్యారెల్ ఉండే వెబర్ డీసీఓఈ (రెండు బ్యారెళ్ల మోడల్) జంటకు మొదటి సెట్టింగు ఇలా మొదలుపెట్టవచ్చు. 2 లీటర్ల ఇంజన్, 45 డీసీఓఈ, 36 మి.మీ. వెంచురీ. వెంచురీని 4తో గుణిస్తే మెయిన్ జెట్: 144, దగ్గరిది 145. దానికి 50 కలిపితే ఎయిర్ కరెక్టర్ (మెయిన్ జెట్టు పెట్రోలులో గాలి కలిపే జెట్టు): 195, కాబట్టి 190 లేదా 200. ఇది మొదటిరోజు ఇంజన్ పాడవకుండా ట్రాక్ దాకా తీసుకెళ్లే సెట్టింగు మాత్రమే. జెట్టు అంకె మిల్లీమీటరులో వందో వంతు. 145 అంటే 1.45 మి.మీ. రంధ్రం. రంధ్రాన్ని డ్రిల్లుతో పెంచకండి. అంచు ఆకారం మారిపోయి అంకెకు అర్థం లేకుండా పోతుంది.

పని వరుస తప్పితే రోజంతా వృథా. మొదట వాల్వ్ క్లియరెన్స్, టైమింగ్ సరిచేయండి. తర్వాత ఇంధన ప్రెషర్: వెబర్‌కు 0.2 బార్, అంటే 3 పీఎస్‌ఐ. హోలీ కంపెనీ రకానికి 6 పీఎస్‌ఐ దరిదాపు. వెబర్‌కు 5 పీఎస్‌ఐ ఇస్తే నీడిల్ వాల్వ్ ఆపలేక గిన్నె పొంగుతుంది, అప్పుడు మీరు ఎన్ని జెట్లు మార్చినా రిచ్‌గానే ఉంటుంది. మూడోది ఫ్లోట్ ఎత్తు, మీ మోడల్ పత్రంలో ఉన్న అంకె ప్రకారం. ఇత్తడి ఫ్లోట్‌కూ ప్లాస్టిక్ ఫ్లోట్‌కూ అంకెలు వేరు. నాలుగోది ఎయిర్ ఫ్లో మీటరుతో బ్యారెళ్ల సమతూకం. ఆ తర్వాతే జెట్లు.

జెట్లలో ముందు ఐడిల్ జెట్టు. పేరు ఐడిల్ అయినా సుమారు 3000 ఆర్‌పీఎమ్ దాకా, చిన్న థ్రాటిల్‌లో నడిపేది అదే. నెమ్మదిగా తొక్కుతుంటే కార్బ్యురేటర్ మూతిలోంచి తుమ్మినట్టు వెనక్కి కొడితే ఐడిల్ జెట్టు లీన్. తటాలున తొక్కినప్పుడు మాత్రమే తడబడితే పంపు జెట్టు చూడండి. పూర్తి థ్రాటిల్‌లో మొత్తం రేంజిలో ఒకే రకంగా లీన్ ఉంటే మెయిన్ జెట్టు పెంచండి. కింద సరిగ్గా ఉండి పైన మాత్రం లీన్ అవుతుంటే మెయిన్ జోలికి వెళ్లకండి, ఎయిర్ కరెక్టర్ చిన్నది వేయండి. కరెక్టర్ అంకెలో 15 నుంచి 20 మార్పు మెయిన్‌లో 5 మార్పుకు దగ్గరగా ఉంటుంది, అదీ ఎక్కువగా పైన. ఒక్కసారి ఒక్కటే మార్చండి, మార్చినదాన్ని రాసుకోండి.

హోలీలో పవర్ వాల్వ్ ఉంటుంది, లోడ్ పెరిగి వాక్యూమ్ పడిపోతే తెరుచుకుని అదనపు పెట్రోలు ఇస్తుంది. స్లోలో వాక్యూమ్ కొలిచి అందులో సగానికి దగ్గరి అంకె వేయడం మామూలు పద్ధతి: 13 అంగుళాలు ఉంటే 6.5. పెద్ద కామ్‌తో వాక్యూమ్ 8కి పడిపోయినా 6.5 వాల్వే ఉంచితే స్లో కాస్త ఊగినప్పుడల్లా అది తెరుచుకుంటుంది, ప్లగ్గులు నల్లబడతాయి.

మలుపుల్లో ఆగడం కార్బ్యురేటర్‌కు పాత జబ్బు. ఒకవైపు మలుపులో మాత్రమే, పొడవాటి మలుపు చివర్లో ఇంజన్ ఆగినట్టయితే ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు జెట్టును వదిలి పక్కకు పోతోందన్నమాట. ఫ్లోట్ ఎత్తు కొద్దిగా పెంచడం, పెద్ద నీడిల్ వాల్వ్, ఆ మోడల్‌కు దొరికే అడ్డు పలకలు సాయపడతాయి. మలుపు దాటగానే నల్లపొగతో తడబడితే అది పొంగడం, ఎత్తు తగ్గించాలి. నాలుగు సిలిండర్ల ఇంజన్ మీద డీసీఓఈని గట్టిగా బిగిస్తే వణుకుకు గిన్నెలో పెట్రోలు నురగ వస్తుంది, ఒక ఆర్‌పీఎమ్ దగ్గర మాత్రమే కనిపించే వింత లీన్ వస్తుంది. రబ్బరు మౌంటులు, స్ప్రింగ్ వాషర్లు ఉన్నది ఇందుకే. వాషరు చుట్లు పూర్తిగా అతుక్కునేదాకా బిగించకండి.

వేడి ఇంజన్ ఆపాక గిన్నెలో పెట్రోలు మరిగి మానిఫోల్డులోకి కారుతుంది. ఇన్సులేటింగ్ స్పేసర్, ఎగ్జాస్ట్‌కూ కార్బ్యురేటర్‌కూ మధ్య రేకు పెట్టండి. అలా ముంచిన ఇంజన్‌కు యాక్సిలరేటర్ మొత్తం తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. పదేపదే తొక్కితే యాక్సిలరేటర్ పంపు ఇంకా పోస్తుంది.

ఇంజెక్షన్ దారి పట్టినవారికి

ముందు ఇంజెక్టర్ లెక్క. 180 హార్స్‌పవర్ లక్ష్యమనుకోండి. రేస్ ఇంజన్‌కు హార్స్‌పవర్‌కు గంటకు 225 గ్రాముల పెట్రోలు అనుకుంటే 40.5 కిలోలు, సుమారు 55 లీటర్లు. నిమిషానికి 912 సీసీ. నాలుగు ఇంజెక్టర్లకు పంచితే 228, ఒక్కోటి 80 శాతం సమయం కంటే ఎక్కువ తెరిచి ఉండకూడదు కాబట్టి 0.8తో భాగిస్తే 285. అంటే 300 నుంచి 330 సీసీ ఇంజెక్టర్ సరిపోతుంది. "ముందుముందు పనికొస్తుంది" అని 750 సీసీవి కొనకండి. ఇంజెక్టర్ తెరుచుకోవడానికే 14 వోల్టుల దగ్గర దాదాపు 1 మిల్లీసెకండు పోతుంది, దాన్నే డెడ్ టైమ్ అంటారు. స్లోలో మొత్తం పల్సే రెండు మిల్లీసెకండ్లు ఉన్నప్పుడు ఆ డెడ్ టైమ్‌లో చిన్న తప్పు కూడా మిశ్రమాన్ని తలకిందులు చేస్తుంది. డెడ్ టైమ్ పట్టిక ఇవ్వని ఇంజెక్టర్లు ఎంత చౌకైనా వద్దు.

పంపు 3 బార్ దగ్గర, మీ కారులో నిజంగా అందే వోల్టేజి దగ్గర, 55 లీటర్లకు 30 శాతం కలిపి గంటకు సుమారు 72 లీటర్లు ఇస్తే చాలు. మరీ పెద్ద పంపు పెట్టి అంతా వెనక్కి తిప్పితే పెట్రోలు వేడెక్కుతుంది. ట్యాంకు నుంచి చిన్న లో ప్రెషర్ పంపు ఒకటిన్నర లీటర్ల సర్జ్ ట్యాంకును నింపాలి, హై ప్రెషర్ పంపు దాని అడుగు నుంచి తీసుకోవాలి. రెగ్యులేటర్ నుంచి వచ్చే మిగులు ముందు సర్జ్ ట్యాంకులోకే రావాలి, దాని పైభాగం నుంచి పొంగేది ట్యాంకుకు పోవాలి. సర్జ్ ట్యాంకు ఎగ్గొట్టిన కారు పావు ట్యాంకు దగ్గర మలుపులో గాలి పీలుస్తుంది. కార్బ్యురేటర్‌కైతే గిన్నె కాసేపు ఆదుకుంటుంది, ఇంజెక్టర్‌కు ఆ దిక్కు లేదు, అరసెకనులో లీన్.

హోసుల్లో పొదుపు చేయకండి. కార్బ్యురేటర్ కోసం వాడే మామూలు రబ్బరు హోస్ 3 బార్ మోయదు. ఎస్‌ఏఈ జే30 ఆర్9 తరగతి లేదా అల్లిక పైపులు, ఇథనాల్ కలిసిన ఇంధనమైతే దాన్ని తట్టుకునే లోపలి పొర ఉన్నవి వాడండి. లీకైతే కార్బ్యురేటర్ దగ్గర పెట్రోలు కారుతుంది. ఇక్కడ పొగమంచులా చిమ్ముతుంది. కారు దేన్నైనా గుద్దితే పంపు ఆపే ఇనర్షియా స్విచ్, ఇంజన్ తిరగకపోతే ఈసీయూనే పంపు ఆపే సెట్టింగు రెండూ ఉండాలి.

ట్రిగర్ చక్రం 36-1 లేదా 60-2 (36 పళ్లలో ఒకటి, 60లో రెండు లేనివి). హాల్ సెన్సర్ అయితే పని తేలిక. వీఆర్ (రెండు వైర్ల అయస్కాంత) సెన్సర్ అయితే గ్యాప్ 0.75 మి.మీ. దగ్గర ఉంచి, షీల్డ్ వైరు వాడి, షీల్డ్‌ను ఈసీయూ వైపు ఒక్క చివరే ఎర్త్ చేయండి. రెండు వైర్లూ తారుమారైతే ఇంజన్ స్టార్ట్ కావచ్చు కూడా, కానీ ఆర్‌పీఎమ్ పెరిగేకొద్దీ టైమింగ్ జరిగిపోతుంది. పరీక్ష ఇది: ఈసీయూలో టైమింగ్‌ను 15 డిగ్రీల దగ్గర లాక్ చేసి, టైమింగ్ లైటుతో 1000 దగ్గర, మళ్లీ 4000 దగ్గర చూడండి. గుర్తు కదలకూడదు. ఈ పరీక్ష కాకుండా కారును డైనో ఎక్కించకండి.

వైరింగ్‌లో ఎర్తే ప్రాణం. ఈసీయూ ఎర్త్, కాయిల్ ఎర్త్ ఇంజన్ బ్లాకు మీద ఒకే బోల్టు దగ్గర కలవాలి. సెన్సర్ల ఎర్త్ మాత్రం బ్లాకుకు కాదు, ఈసీయూలో వాటికి ఉన్న పిన్నుకే. టంకం వేసిన చోట వైరు బిరుసెక్కి వణుకుకు తెగుతుంది, మంచి ప్లయర్‌తో క్రింప్ చేయండి. ఆల్టర్నేటర్ తీసేసిన కారైతే కరెంటు లెక్క వేసుకోండి: పంపు, కాయిల్స్, ఇంజెక్టర్లు, లాంబ్డా హీటరు కలిపి 15 ఆంపియర్లు అనుకుంటే 20 నిమిషాల పరుగుకు 5 ఆంపియర్ అవర్లు. చిన్న బ్యాటరీకి ఒక పరుగు ఫర్వాలేదు, రెండోదానికి ముందు చార్జింగ్ తప్పదు. గంటల రేసుకు ఆల్టర్నేటర్ ఉండాల్సిందే.

లోడ్ ఎలా కొలవాలన్నది ఇన్‌టేక్‌ను బట్టి. ఒకే థ్రాటిల్, ప్లీనమ్ (సిలిండర్లన్నిటికీ ఉమ్మడి గాలి పెట్టె) ఉంటే మ్యాప్ సెన్సర్ హాయి (ఈ మ్యాప్ పట్టిక కాదు, మానిఫోల్డ్ ప్రెషర్ కొలిచేది). దాని హోసును ప్లీనమ్ నుంచి నేరుగా, బ్రేక్ బూస్టర్‌తో పంచుకోకుండా తెచ్చుకోండి. సిలిండర్‌కో థ్రాటిల్ ఉంటే వాక్యూమ్ సంకేతం దడదడలాడుతుంది, కొద్దిగా తెరవగానే బయటి గాలి ప్రెషర్‌కు చేరిపోతుంది. అక్కడ థ్రాటిల్ కోణం, ఆర్‌పీఎమ్ మీద ఆధారపడే ఆల్ఫా-ఎన్ పద్ధతి మేలు. అయితే ఆల్ఫా-ఎన్‌లో ఎత్తు మార్పు తెలియాలంటే బయటి గాలి ప్రెషర్ కొలిచే సెన్సర్ వేరుగా ఉండాలి. అది మరచిపోతే కొండ కోసం ఇంజెక్షన్ కొన్న ఫలితమే పోతుంది. గాలి ఉష్ణోగ్రత సెన్సర్‌ను వేడెక్కే మానిఫోల్డ్ లోహంలో పెట్టకండి. ఆగిన కారులో అది అబద్ధపు వేడి చూపి, మళ్లీ స్టార్ట్ చేయగానే లీన్ చేస్తుంది. ఎయిర్ బాక్సులో పెట్టండి.

మ్యాపింగ్‌కు దిగేముందు లాంబ్డా కరెక్షన్‌నూ యాక్సిలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్‌నూ (తొక్కగానే అదనంగా పోసే పెట్రోలు) ఆపేయండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, తక్కువ లోడ్ నుంచి మొదలుపెట్టి మ్యాపులోని ఒక్కో గడిలో నిలకడగా పట్టి నింపుతూ రండి. టైమింగ్ కాస్త వెనక్కి ఉంచి, పూర్తి థ్రాటిల్ పరుగులు మొదట 4500 దాకా, తర్వాత 5500, ఆ తర్వాతే పైదాకా. స్థిరమైన గడులన్నీ కుదిరాకే ఎన్‌రిచ్‌మెంట్ తిరిగి తెరవండి. గడులు లీన్‌గా ఉంచి ఎన్‌రిచ్‌మెంట్‌తో కప్పిపుచ్చిన మ్యాపులు వాతావరణం మారిన రోజు బయటపడతాయి. చల్లటి స్టార్టింగ్ పట్టిక మాత్రం ఒక్కరోజులో రాదు. రోజుకు ఒక్క చల్లటి స్టార్టే దొరుకుతుంది మరి.

నాలుగు బ్యారెళ్ల కార్బ్యురేటర్ స్థానంలో బిగించే, తనంతట తానే నేర్చుకునే ఇంజెక్షన్ యూనిట్లున్నాయి. పని తేలికే. అవి నేర్చుకునేది లాంబ్డా సెన్సర్ చెప్పినదాన్నిబట్టి, కాబట్టి సైలెన్సర్ లీకు, మిస్సింగ్ రెంటినీ లీన్ అని నేర్చుకుని పెట్రోలు పోస్తాయి. ఇగ్నిషన్ వైర్ల పక్కనుంచి దాని వైరింగ్ పోతే రీసెట్ అవుతుంది. రెసిస్టెన్స్ లేని ప్లగ్గు వైర్లు ఉంటే తీసి రెసిస్టెన్స్ ఉన్నవి వేయండి, కుదిరాక నేర్చుకోవడం ఆపి ఆ మ్యాపును లాక్ చేయండి.

పిట్ పెట్టెలో ఏముండాలి

కార్బ్యురేటర్ కారుకు: మెయిన్ జెట్లు ఇప్పటి అంకెకు పైకి రెండు, కిందికి రెండు మెట్లు, సిలిండర్‌కు ఒకటి చొప్పున. ఎయిర్ కరెక్టర్లూ అలాగే. రెండు నీడిల్ వాల్వులు, పై మూత గాస్కెట్లు, ఫ్లోట్, పంపు డయాఫ్రమ్, థ్రాటిల్ కేబుల్, స్ప్రింగులు. థ్రాటిల్‌కు రిటర్న్ స్ప్రింగులు రెండు, వేరువేరు చోట్ల తగిలించి ఉండాలి.

ఇంజెక్షన్ కారుకు: క్రాంక్ సెన్సర్, ఇంజన్ ఉష్ణోగ్రత సెన్సర్, ఒక ఇంజెక్టర్, దాని ఓ-రింగులు, రిలేలు, ఫ్యూజులు, పంపు, ఫిల్టర్. ఇవన్నీ ఉన్నా క్రాంక్ సెన్సర్ లేకపోతే ఆ రోజు అయిపోయినట్టే, ఎందుకంటే మిగతా సెన్సర్లలో ఏది పోయినా ఈసీయూ ఏదో ఒక అంచనాతో నెట్టుకొస్తుంది, దానికి మాత్రం ప్రత్యామ్నాయం లేదు. ఇంధన ప్రెషర్ మీటరు కంటికి కనిపించే చోట ఉండాలి: మలుపులో ఇంజన్ ఆగినప్పుడు ముల్లు పడిపోతే పెట్రోలు అందడం లేదు, నిలకడగా ఉంటే వైరింగ్ వెతకండి. మ్యాప్ ఫైలు లాప్‌టాప్‌లో ఒకటి, పెన్ డ్రైవ్‌లో ఒకటి, ఫైలు పేరులో తేదీ, ఇంధనం రకం, ఇంజెక్టర్ పరిమాణం రాసి పెట్టుకోండి. ఈసీయూకు లాప్‌టాప్ కలిపే కేబుల్ రెండోది కూడా పెట్టెలో వేయండి.